ఖాళీ డబ్బాలోంచి వచ్చిన అక్షరం

నేను ఉట్నూరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా కంప్యూటర్ గదిలో ఏడు యంత్రాలున్నాయి, నాలుగు నడుస్తాయి. ఇంటర్నెట్ ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. ఆ నాలుగు యంత్రాల మీద మా పిల్లలు, వాళ్లతో పాటు నేను, ఒక ప్రోగ్రామింగ్ భాషను ఎట్లా మొదలుపెట్టామో చెప్పడానికే ఈ వ్యాసం. ఆ భాష పేరు రాకెట్. అది లిస్ప్ అనే పాత భాషా కుటుంబానికి చెందింది. దాన్ని రాసుకునే ఎడిటర్ పేరు డాక్టర్ రాకెట్.

ముందు నా సంగతి చెప్పాలి. డిగ్రీలో నాకు సి భాష ఒక పేపర్. రెండుసార్లు తప్పాను. ఎక్కడో ఒక సెమికోలన్ మరిచిపోతే తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చేవి. ఏ లైన్లో తప్పుందో ఇంగ్లీషులో చెప్పేది, ఆ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, వీటన్నిటి మీద ఈ సి. ఒకరోజు ల్యాబ్‌లో చెప్పే ఆయన నా తెర చూసి, "మీకెట్లాగూ రిజర్వేషన్ ఉంది కదా, దీంతో కుస్తీ ఎందుకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్కవాళ్లు కూడా నవ్వారు. మూడోసారి పరీక్షకు ప్రోగ్రాములన్నీ బట్టీ పట్టి పాసయ్యాను. ఆ తర్వాత పదేళ్లు ప్రోగ్రాం అన్న మాట ఎత్తలేదు. కంప్యూటర్ అంటే మార్కులు ఎక్కించే పెట్టె, అంతే.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా మేనమామ కొడుకు ఒకసారి దండారికి ఇంటికొచ్చాడు. పెన్ డ్రైవ్‌లో డాక్టర్ రాకెట్ తెచ్చాడు. "బావా, ఇది ఉచితం. ఒక్కసారి ఎక్కిస్తే మళ్లీ నెట్ అక్కర్లేదు. పిల్లలకు నేర్పడానికే దీన్ని తయారు చేశారు. నువ్వు ముందు చూడు" అన్నాడు. పిల్లల కోసం అన్నందుకే చూశాను. నా కోసం అనుంటే చూసేవాణ్ణి కాదు.

డాక్టర్ రాకెట్ తెరిస్తే రెండు గదులు కనిపిస్తాయి. పై గదిలో మనం ప్రోగ్రాం రాసి దాచుకుంటాం. కింది గదిలో ఒక ప్రశ్న వేస్తే వెంటనే జవాబు వస్తుంది. పైన రాసినదాన్ని నడపడానికి రన్ అనే మీట ఉంటుంది. మొదటిసారి తెరిచినవాళ్లు లాంగ్వేజ్ మెనూలోకి వెళ్లి 'బిగినింగ్ స్టూడెంట్' అనే మెట్టు ఎంచుకోవాలి. అంటే భాషనంతా ఒకేసారి నెత్తిన పెట్టరు. కొత్తవాడికి అవసరమైనంతే ఇస్తారు. తప్పు చేస్తే వచ్చే మాటలు కూడా ఆ మెట్టుకు తగ్గట్టే ఉంటాయి. ఒకటో తరగతి పిల్లవాడికి పదో తరగతి వాచకం ఇవ్వం కదా, అట్లా.

ఈ భాషలో ప్రతి పనినీ ఒక బ్రాకెట్ జతలో రాస్తాం. బ్రాకెట్ తెరవగానే ముందు పని పేరు, ఆ తర్వాత సరుకు. రెండూ మూడూ కూడాలంటే (+ 2 3). మొదటిరోజు ఒక పిల్లవాడు అలవాటు కొద్దీ కింది గదిలో 2 + 3 అని కొట్టాడు. యంత్రం ముందు 2 అని జవాబిచ్చింది, తర్వాత కూడిక గుర్తు దగ్గర ఆగింది. ఈ పనికి ముందు తెరిచిన బ్రాకెట్ లేదు అన్న అర్థం వచ్చేటట్టు ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, కింద తెలుగు రాశాను, ఇంకా కింద పిల్లలు గోండిలో చెప్పుకున్నారు. మేం మొదట నేర్చుకున్న ఇంగ్లీషు వాక్యాల్లో అదొకటి. ఇట్లా తప్పు వచ్చినప్పుడల్లా ఆ మాటను ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. రోజూ ఎదురయ్యేవి పట్టుమని పదిహేను కూడా లేవు. ఒకసారి రాసుకున్నాక ఎర్ర అక్షరాలను చూసి ఎవరూ జంకలేదు.

లెక్కల టీచర్లకు ఒక మాట. బాడ్‌మాస్ చెప్పడానికి మనం ఎంత తంటాలు పడతామో మీకు తెలుసు. నాలుగు ఇళ్లవాళ్లు ఇంటికి రెండు సోలల జొన్నలు, మూడు సోలల కందులు తెస్తే మొత్తం ఎన్ని సోలలు? పిల్లలు నాలుగు ఇంటూ రెండు ప్లస్ మూడు అని రాసి, పదకొండు అంటారు. ఇక్కడ (* 4 (+ 2 3)) అని రాయాలి. లోపలి కంచెలో ఉన్నది ముందు, బయటి కంచెలో ఉన్నది తర్వాత. లోపల అయిదు, బయట ఇరవై. ఏ గుర్తు ముందు, ఏది తర్వాత అన్న తగువే లేదు. పైగా ఈ ఎడిటర్‌లో స్టెప్ అనే మీట ఉంది. అది నొక్కితే లోపలి బ్రాకెట్ ఎట్లా అయిదుగా మారిందో, తర్వాత మొత్తం ఎట్లా ఇరవై అయిందో ఒక్కో మెట్టూ చూపిస్తుంది. అదే పాఠం బోర్డు మీద నేను అంత ఓపికగా చెప్పలేను.

బ్రాకెట్లు ఎక్కువయ్యేసరికి కళ్లు తిరుగుతాయి, నిజమే. అందుకే ఎడిటర్ ఉంది. మూసే బ్రాకెట్ దగ్గర కర్సర్ పెడితే, దాని జత ఎక్కడ మొదలైందో అక్కడిదాకా బూడిద రంగు పరుచుకుంటుంది. ఏ కంచె ఎంతవరకో కంటికి కనబడుతుంది. బ్రాకెట్లు లెక్కపెట్టొద్దు, రంగు చూడండి అని పిల్లలకు మొదటిరోజే చెప్పాలి. నేను చెప్పకపోవడం వల్ల వారం రోజులు వేళ్లతో లెక్కపెట్టాం.

ఈ బ్రాకెట్ల వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. 1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ అనే ఆయన లిస్ప్ మొదలుపెట్టాడు. 1960లో దాని గురించి వ్యాసం అచ్చయింది. మనుషులు రాయడానికి వేరే రూపం ఒకటి ఉండాలని ఆయన అనుకున్నాడు. బ్రాకెట్ల రూపం యంత్రం లోపల సమాచారం దాచుకోవడానికి మాత్రమే. కానీ ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రస్సెల్ అనే కుర్రాడు ఆ వ్యాసంలోని సిద్ధాంతాన్ని పట్టుకుని ఐ.బి.ఎం. 704 యంత్రం మీద నిజంగానే నడిపించి చూపించాడు. ఆ తర్వాత అందరూ బ్రాకెట్లతోనే రాయడం అలవాటు చేసుకున్నారు. పెద్దలు అనుకున్న రూపం పక్కన పడింది, వాడేవాళ్లు వాడిన రూపం నిలిచింది. 1975లో అదే ఎం.ఐ.టి.లో దీని నుంచి స్కీమ్ అనే చిన్న భాష పుట్టింది. 1990లలో మథియాస్ ఫెలైసన్, ఆయన మిత్రులు బడిపిల్లల కోసం స్కీమ్‌కు ఒక ఎడిటర్ కట్టారు. 2010లో ఆ భాషకు రాకెట్ అని, ఎడిటర్‌కు డాక్టర్ రాకెట్ అని పేరు మార్చారు. వాళ్లే రాసిన 'హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్' అనే పుస్తకం కూడా నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

మాకు దారి తెరిచింది మాత్రం పేర్లు. రాకెట్‌లో మనం పెట్టుకునే పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలని లేదు. (డిఫైన్ వయసు 14) అని రాస్తే, ఆ తర్వాత వయసు అన్నచోటల్లా 14 వస్తుంది. డిఫైన్ అన్న మాటను మాత్రం యంత్రం మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, వయసు తెలుగులోనే. తొమ్మిదో తరగతి పిల్లవాడు అది చూసి, "సార్, గోండి మాట పెట్టొచ్చా?" అని అడిగాడు. తెలుగు అక్షరాల్లో గోండి మాట రాశాడు. నడిచింది. మా బడిలో గోండి ఆటస్థలంలో వినబడుతుంది, హాస్టల్లో వినబడుతుంది. తరగతి గదిలోకి వస్తే పిల్లలు గొంతు తగ్గిస్తారు. ఎవరూ వద్దనకపోయినా తగ్గిస్తారు. ఆ రోజు ఆ మాట తెర మీద ఉంటే గొంతు తగ్గించకుండా చదివారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తెలుగు టైపింగ్‌లో అక్షరాలను విడదీయడానికి కంటికి కనబడని గుర్తు ఒకటి పడుతుంది. ఒక పేరు రాసేటప్పుడు అది పడి, మరోసారి పడకపోతే, మనకు రెండూ ఒక్కటిగానే కనిపించవచ్చు, యంత్రానికి రెండూ వేర్వేరు. ఈ పేరు నాకు తెలియదు అంటుంది. ఒక సాయంత్రమంతా దాంతోనే పోయింది. పొల్లు లేని చిన్న పేర్లు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

తర్వాత మేం సగాల ప్రోగ్రాం రాశాం. మా గోండుల్లో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగాలుంటాయని, ఒకే సగా వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కింద లెక్క అని, వాళ్ల మధ్య పెళ్లి కుదరదని ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామందికి చెప్పక్కర్లేదు. కేస్లాపూర్ నాగోబా జాతర చేసే మెస్రం వాళ్లు ఏడు దేవతల వాళ్లు. రికర్షన్ అనే కష్టమైన మాటను దీనితో చెప్పాను. ఒక ఫంక్షన్ తన పని కోసం తననే మళ్లీ పిలుచుకోవడం రికర్షన్. పుస్తకంలో చదివినప్పుడు నాకు తల తిరిగింది. తరగతిలో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగాను.

"మీ సగా ఏది?"

"మా బాపుదే సార్."

"మీ బాపుది?"

"మా తాతది."

"తాతది?"

"ఏడు."

అంతే. ప్రశ్న మారలేదు, మనిషి మారాడు. ఒకచోట ప్రశ్న ఆగింది, ఆ జవాబు తాత నుంచి బాపుకు, బాపు నుంచి పిల్లవాడికి దిగి వచ్చింది. ఆగే చోటు లేకపోతే ప్రశ్న ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత రికర్షన్‌ను నేను మళ్లీ వివరించాల్సిన పని పడలేదు.

ఇంటిపేరు ఇస్తే సగా చెప్పే పట్టిక నేనే రాశాను. నాకు తెలిసిన ఇంటిపేర్లన్నీ పెట్టాను. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి తమ ఇంటిపేరు కొడుతున్నారు, అంకె వస్తోంది, కేకలు వేస్తున్నారు. ఒక అమ్మాయి కొట్టింది. అంకె రాలేదు. ఏ ప్రశ్నకూ అవునన్న జవాబు రాలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి వెళ్లి తన బల్ల మీద కూర్చుంది.

ఆమె తోటి ఇంటి పిల్ల. మా వంశాల కథలు, దేవతల కథలు తరతరాలుగా పాడి, వాయించి నిలబెట్టినవాళ్లలో తోటి వాళ్లున్నారు. మా తాతకు వాళ్ల తాత పాడి వినిపించకపోతే మాకు మా కథే తెలియదు. వాళ్ల ఇంటిపేరే నా పట్టికలో లేదు. యంత్రం తప్పేమీ లేదు. నేను రాసిందే అది చెప్పింది. డిగ్రీ ల్యాబ్‌లో నవ్విన నవ్వు నాకు ఆ రోజు మళ్లీ వినబడింది. ఈసారి ఆ నవ్వుకు కారణం నేను.

మర్నాడు పట్టికను పిల్లల ముందు పెట్టి చెప్పాను: "ఇది నాకు తెలిసిన పట్టిక. మన అందరిదీ కాదు. సెలవులకు ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడిగి రండి." దసరా సెలవుల తర్వాత నోటుబుక్కులు నింపుకుని వచ్చారు. అందరికంటే ఎక్కువ తెచ్చింది ఆ అమ్మాయే. వాళ్ల నాన్న చెబుతుంటే రాసుకుందట. నేను రాసిన పట్టికలో రెండు తప్పులు కూడా పట్టుకుంది. ఆమెనే పై గదిలో కూర్చోబెట్టి పట్టిక మళ్లీ రాయించాను. ఈ ఎడిటర్‌లో, ఇది ఇస్తే ఇది రావాలి అని ముందే పరీక్ష రాసుకునే పద్ధతి ఉంది. ప్రతి పిల్లవాడి ఇంటిపేరూ ఒక పరీక్షగా పెట్టాం. రన్ నొక్కితే పరీక్షలన్నీ నెగ్గాయని వచ్చింది. మన ప్రోగ్రాంలో ఎవరు మిగిలిపోయారో ముందు చూసుకోవాలన్నది ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం. ఇది ప్రోగ్రాంలకే కాదు, హాజరు పట్టీలకూ వర్తిస్తుంది.

ఒక పెద్దాయన మాత్రం, "సగా సంగతి మనిషిని అడగాలి, డబ్బాను కాదు" అన్నాడు. ఆయన మాట కాదనలేను. ప్రోగ్రాం పైన పిల్లలు ఒక లైను తెలుగులో రాసి పెట్టారు: ఇది నేర్చుకోవడానికి మాత్రమే, పెళ్లి మాటలకు పెద్దల్ని అడగండి.

ఇక అక్షరం సంగతి. ఈ భాషలో ఒక మాట పొడవు అడగొచ్చు. గోండి అన్న మాటకు ఎన్ని అక్షరాలని పిల్లల్ని అడిగితే రెండు అన్నారు. యంత్రం 5 అంది. అమ్మ అంటే రెండు అక్షరాలు కదా, యంత్రం 4 అంది. అది తప్పు చెబుతోందని పిల్లలు. అది తప్పు కాదు. గోండిలో గ, దాని ఓత్వం, సున్న, డ, దాని గుడి, ఇట్లా ఒక్కో ముక్కనూ విడిగా లెక్కపెడుతుంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ యూనికోడ్ అనే ఒక పట్టిక ఉంది, అందులో ప్రతి ముక్కకూ ఒక అంకె. మన అ అంకె 3077. ఇంట్ టు స్ట్రింగ్ అనే ఫంక్షన్‌కు 3077 ఇస్తే కింది గదిలో అ అని వస్తుంది.

"మరి మన గుంజాల అక్షరాలకు అంకె ఉందా సార్?" అని అడిగారు. ఉంది. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో పాత రాతప్రతులు ఉన్న సంగతి జయధీర్ తిరుమలరావు గారి బృందం వల్ల బయటి లోకానికి తెలిసింది. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ముందటి ఏడాది మసరాం గోండి లిపికి దొరికింది. గుంజాల లిపిలో మొదటి అక్షరం అంకె 73056. కొట్టాం. తెర మీద ఖాళీ డబ్బా ఒకటి వచ్చింది.

పిల్లలు నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పట్టికలో పేరు లేనప్పుడు ఆ అమ్మాయి చూసిన చూపు అది. డబ్బా అంటే అక్షరం లేదని కాదు, ఆ అక్షరం బొమ్మ ఈ యంత్రంలో లేదని చెప్పాను. అంకె వేరు, బొమ్మ వేరు. బొమ్మలిచ్చేది ఫాంట్. నోటో అనే ఉచిత ఫాంట్ల కుటుంబంలో గుంజాల గోండికి కూడా ఒకటి ఉంది. శనివారం ఉట్నూరు వెళ్లి దాన్ని పెన్ డ్రైవ్‌లో తెచ్చాను. సోమవారం పొద్దున ఒక యంత్రంలో ఎక్కించి, డాక్టర్ రాకెట్ మూసి మళ్లీ తెరిచి, అదే 73056 కొట్టాం. డబ్బా ఉన్నచోట అక్షరం నిలబడింది.

ఇప్పుడు ఒక నిజం రాయాలి. ఆ అక్షరం నేను చదవలేకపోయాను. గోండి నా తల్లి భాష, ఈ వ్యాసం రాస్తున్నది తెలుగులో, మా లిపి నాకు రాదు. పిల్లల్లో ఒకడు గుంజాల లిపి వాచకం చూసి ఉన్నాడు. వాడు లేచి "అ" అన్నాడు. ఆ తర్వాత ఒక్కో అంకె పెంచుకుంటూ పోయాం. వాడు చదువుతున్నాడు, మిగతా వాళ్లు, వాళ్లతో పాటు నేను, వెనక అంటున్నాం. 73062 దగ్గర మళ్లీ డబ్బా వచ్చింది, 73065 దగ్గర ఇంకొకటి. ఆ రెండు చోట్లా యూనికోడ్ వాళ్లు అక్షరం పెట్టలేదు, ఖాళీగా వదిలారు. 73068 దగ్గర హల్లులు మొదలయ్యాయి. మొదటి హల్లు క కాదు, య. ఆ పట్టికలో వరస అదే. క ఐదు అక్షరాల తర్వాత వస్తుంది. తెలుగు వరసలో సర్దకుండా పట్టికలో ఆ వరసే ఉంచారు. పిల్లలకు అది చాలా నచ్చింది. నాకూ నచ్చింది. ఆ నెలంతా రాత్రి స్టడీ అవర్‌లో వాళ్ల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను.

ఈ భాషతో ఉద్యోగం వస్తుందా అని తమ్ముళ్లు అడుగుతారు. సూటిగా చెప్తాను. కంపెనీలు ఎక్కువగా అడిగేది పైథాన్, జావా. రాకెట్ అడిగేవాళ్లు తక్కువ. కానీ ఇందులో చేయి తిరిగినవాడికి పైథాన్ పట్టుబడటం కష్టం కాదు. నేను ఇప్పుడు అదే నేర్చుకుంటున్నాను, భయం లేదు. మొదటి భాష మనిషిని నిలబెట్టాలి. నన్ను పడగొట్టిన మొదటి భాష వల్ల పదేళ్లు పోయాయి.

మొదలుపెట్టేవాళ్లకు నాలుగు మాటలు. ఒక పెన్ డ్రైవ్‌లో డాక్టర్ రాకెట్, ఆ పుస్తకం, మన లిపి ఫాంట్ తెచ్చుకోండి. బిగినింగ్ స్టూడెంట్ మెట్టు మీదే ఒక నెల ఉండండి. వచ్చిన ప్రతి తప్పునూ నోటుబుక్కులో మూడు భాషల్లో రాయండి. యంత్రం తక్కువైతే ఇద్దరిద్దరు కూర్చోండి, ఒకరు చెప్పాలి, ఒకరు కొట్టాలి, పావుగంటకోసారి మారాలి. టీచర్లు అంతా తెలిశాకే మొదలుపెట్టాలని ఆగొద్దు. నేను పిల్లల కంటే రెండు పేజీలే ముందున్నాను. అక్షరాల దగ్గరికొచ్చేసరికి రెండు పేజీలు వెనకున్నాను.

ఈ ఏడాది ఆ తోటి అమ్మాయి పదో తరగతి. మొన్న వాళ్ల నాన్న పాడే కథలోని మనుషుల పేర్లన్నీ, ఎవరి బిడ్డ ఎవరో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసి తెచ్చింది. బ్రాకెట్లు సరిపోలేదు. ఒకటి ఎక్కడో మూయలేదు. నేను చూపించబోయాను. "ఉండండి సార్, రంగు చూస్తా" అంది.